రెండో ఎర్రశిల

మాంత్రికుడు ధూమ్రజటి గుహ దాటి వెళ్లిన చాలాసేపటికి గానీ అతని జడ గుహ దాటలేదు. పుట్టినప్పటి నుంచి కత్తెర తగలని ఆ పొగరంగు జడను భటులు పల్లకీ మోసినట్టు భుజాల మీద మోసుకుంటూ పోయారు. జడ కొస కూడా మలుపు తిరిగి కనుమరుగయ్యాక, బొగ్గు గంపల చాటు నుంచి తామ్రపురి యువరాజు అరిందముడు లేచి నిలబడ్డాడు. ఒంటినిండా మసి, నడుముకు గోచి, నెత్తిన తలగుడ్డ. కన్నతల్లి చూసినా బొగ్గులమ్మేవాడే అనుకుని కుంపటికి సరిపడా బేరమాడి ఉండేది.

"ఇహ కదలండి దొరా," అన్నాడు వెనకనున్న పోలయ్య. ఇతను పడవ నడిపే సరంగు. యువరాజును గోదారి లాంటి ఏరయినా దాటిస్తాడు గానీ, కొండ గుహలంటే కాళ్లు వణుకుతాయి. "కుందమాంబ అవ్వ వచ్చేదాకా ఆగండి, ఆవిడ చెప్పేది విని పోదామంటే మీరు విన్నారు కాదు. విననివాడికి చెప్పేవాడు లోకువని ఊరుకున్నా."

"అవ్వ వచ్చేసరికి చెల్లెలి మీద నాచు పెరుగుతుంది. పద," అన్నాడు అరిందముడు. ఆగడం అనేది అతని జాతకంలోనే లేదు.

ఆ గుహ పేరు శోణకుహరం. లోపలికి పోయేకొద్దీ గోడలు ఎరుపెక్కుతాయి. మొదట ఇటుక రంగు, ఆపైన దానిమ్మగింజ రంగు, చిట్టచివరి మందిరంలో అచ్చమైన కుంకుమ రంగు. అక్కడ పైకప్పు నుంచి స్ఫటికాల గుత్తులు వేలాడుతుంటాయి. వాటి కొసల నుంచి జారే నీటి చుక్కలు కింద పరచిన రాగి పళ్లేలలో పడుతూ ఎడతెగకుండా సన్నగా మోగుతుంటాయి. ఆ మోతకు జోకొట్టినట్టు, కప్పు చూరుల్లో రాగి రెక్కల గద్దలు తలకిందులుగా వేలాడి నిద్రపోతుంటాయి. వెనక గోడ చీలికలో పుట్టిన ఏరు మందిరం నడుమగా పారి, కొండ అంచున జలపాతమై దూకుతుంది.

ఆ ఏటి ఒడ్డునే ఉంది యువరాజు చెల్లెలు వకుళ. బతికీ లేదు, చచ్చీ లేదు. ధూమ్రజటి విద్య అలాంటిది. ఆకాశంలో తిరిగే గాలుల్ని తోలుతిత్తిలో బంధించి తెచ్చి, సన్నని సెగ మీద మనిషి ఒంట్లోకి ఎక్కిస్తాడు. గాలి ఒంటికి పట్టిందంటే మనిషి నిలువునా ఎర్రశిల అయిపోతాడు. రాజ్యం అప్పగిస్తే రాకుమారిని తిరిగిస్తానని కబురు పంపాడు. కబురు విని తండ్రి మంచం పట్టాడు, కొడుకు కత్తి పట్టాడు.

వకుళ తల కొంచెం పక్కకు వాల్చి, ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు నిలబడి ఉంది. కొప్పులో పువ్వు కూడా ఎర్రరాయే. అరిందముడు ఆ రాతి చెంపను తాకి, "వచ్చానమ్మా," అన్నాడు. అన్నాక కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్న కళ్లకు పక్కనే ఇంకొక ఎర్రశిల కనబడింది.

అది మణిధరుడు. తామ్రపురి ఖజానా చూసుకునే భాండాగారి కొడుకు. అరిందముడూ అతనూ ఒక పంతులమ్మ దగ్గరే చదువుకున్నారు. వకుళ మాయమైన మర్నాడే మణిధరుడు ధూమ్రజటి కోట తలుపు తట్టి, "మా రాజుగారి ఖజానా రహస్యం అమ్ముతాను, నాకు చోటివ్వు," అన్నాడని వేగులు కబురు తెచ్చారు. ఆ వార్త విని మణిధరుడి తండ్రి సభకు రావడం మానేశాడు. ఇప్పుడా మణిధరుడు రాయై, కుడిచేయి ముందుకు చాచి నిలబడి ఉన్నాడు. చాచిన అరచేతిలో రెండు గురివింద గింజలు. అవి కంసాలులు బంగారం తూచే గింజలు.

"చూశావా పోలయ్యా? రాయైపోతూ కూడా చెయ్యి చాచాడు. తనకిచ్చే బంగారం తూచుకుందామని గింజలు కూడా తెచ్చుకున్నాడు."

"రాయిని తిడితే రాయికేం సిగ్గు దొరా? రాకుమారిని ఎత్తుకుని పోదాం రండి."

అరిందముడి చెవికి ఆ మాట ఎక్కలేదు. బొగ్గు పగలగొట్టే సమ్మెట చేతిలోనే ఉంది. మొదటి దెబ్బకు చాచిన చెయ్యి విరిగింది. రెండో దెబ్బకు భుజం. ఆ తరువాత లెక్క లేదు. చిన్నప్పుడు ఒకే పలక మీద ఇద్దరూ దిద్దిన అక్షరాలు గుర్తుకొచ్చినకొద్దీ ఇంకా గట్టిగా కొట్టాడు. ముక్కలు పొడి అయ్యేదాకా కొట్టి, ఆ పొడిని కాలితో ఏట్లోకి నెట్టాడు. ఏరు ఎర్రగా మారి, జలపాతం మీదుగా ఎర్రగా దూకింది. కసి తీరింది. కడుపు నిండినంత హాయిగా ఉంది.

పైకి ఎగిరిన ఎర్రపొడి నెమ్మదిగా కిందికి దిగి రాగి పళ్లేల నిండా పరుచుకుంది. నీటి చుక్కలు ఆ పొడిలో పడి మెత్తగా ఇంకిపోయాయి. పాట ఆగిపోయింది.

పోలయ్య తల పైకెత్తాడు. చూరుల్లో ఒక్కొక్క జత కళ్లూ తెరుచుకుంటున్నాయి.

"చచ్చాం దొరా! జోలపాట ఆపేశారు, పిల్లలు లేచారు!"

వకుళను పోలయ్య వీపున మోకులతో బిగించి ఇద్దరూ పరుగందుకున్నారు. వెనక రాగి రెక్కల చప్పుడు వంద కంచాలు ఒకేసారి దొర్లినట్టుంది. ముందున్న గద్ద అరిందముడి భుజం చీల్చుకుంటూ పోయింది. అతను బొగ్గు గంప ఎత్తి, పొడినంతా గాలిలోకి విసిరి, గోడనున్న దివిటీ దానిమీదికి గిరాటు వేశాడు. బొగ్గుపొడి గుహ అడ్డంగా భగ్గుమంది. గద్దలు చెదిరిపోయాయి. ఆ వెలుగులోనే ఇద్దరూ జలపాతం అంచుకు చేరి, వచ్చేటప్పుడు కట్టి ఉంచిన తాడు పట్టుకుని జారారు. సగం జారాక తాడు తెగింది. మిగతా సగం నీళ్లతో పాటు దూకారు.

కింద కట్టేసి ఉంచిన పడవలో పడ్డాక పోలయ్య ఒళ్లంతా తడుముకుని, అవయవాలన్నీ సరిగానే ఉన్నాయని నిర్ధారణ చేసుకుని, తెడ్డు అందుకున్నాడు. "రాకుమారిని మోయడం నాకు గౌరవమే గానీ దొరా, ఇంకోసారి రాయి కాకముందే పిలిపించండి," అన్నాడు. అరిందముడు నవ్వాడు. ఆ తరువాత చాలా రోజులు అతనికి ఆ నవ్వు గుర్తొస్తే సిగ్గేసేది.

*

ఏటి నడుమ కొలిమిలంక అని ఒక దీవి. అక్కడ రెల్లుపొదల మధ్య కుందమాంబ కొలిమి పగలూ రాత్రీ మండుతుంటుంది. కనుబొమలు ఎప్పుడో సెగకు కాలిపోయి, మళ్లీ మొలవడం మానేసిన ముసలిది. కలిసినవాటిని విడదీసే విద్యలో ఆమెను మించినవారు ఆ చుట్టుపక్కల రాజ్యాల్లో లేరు. సన్నని సెగ కలుపుతుంది, పెనుమంట విడదీస్తుంది. ధూమ్రజటి మొదటిది నేర్చాడు, ఈమె రెండోది నేర్చింది. అరిందముడికీ మణిధరుడికీ చదువు చెప్పిన పంతులమ్మ ఈమే.

పడవ ఒడ్డుకు తగలకముందే, "అవ్వా, కొలిమి రాజెయ్యి! చెల్లెల్ని తెచ్చాను!" అని కేకపెట్టాడు అరిందముడు.

కుందమాంబ రెండు చేతులూ ముందుకు చాచి ఎదురొచ్చింది. వకుళ శిలను తల నుంచి పాదాల దాకా తడిమి చూసుకుని తృప్తిగా తలాడించింది. తరువాత పడవలోకి తొంగి చూసింది.

"రెండోది ఏది నాయనా?"

"ఏం రెండోది?"

"రెండో ఎర్రశిల. దీని పక్కనే ఉండి ఉంటుందే. మణిధరుడు."

"ఆ ద్రోహినా? పొడి చేసి ఏట్లో కలిపాను. పీడ విరగడైంది," అన్నాడు అరిందముడు, శభాష్ అంటుందేమో అని ఆమె ముఖంలోకి చూస్తూ.

కుందమాంబ అక్కడే ఇసుకలో కూలబడింది. కొంగు ముడి విప్పి గురివింద గింజలు ఒళ్లో పోసుకుంది. తెల్లవి కొన్ని, ఎర్రవి కొన్ని. కొలిమి బూడిద దోసెడు తెచ్చి ఇసుక మీద అడ్డంగా గీత పోసింది. గీతకు ఈ వైపు కొలిమిలో పెట్టేది, ఆ వైపు కొలిమి నుంచి వచ్చేది.

"కూర్చో. తెల్ల గింజ మనిషి. ఎర్ర గింజ గాలి. నీ చెల్లెలు ఇప్పుడెలా ఉందో పెట్టు."

"అవ్వా, ఇప్పుడు పాఠాలేమిటి?"

"అప్పుడు విని ఉంటే ఇప్పుడు అక్కర్లేకపోయేది. పెట్టు."

ఒక తెల్ల గింజనూ ఒక ఎర్ర గింజనూ ఆనించి గీతకు ఈ వైపు పెట్టాడు. ఆ వైపు తెల్లదాన్ని వేరుగా, ఎర్రదాన్ని వేరుగా పెట్టాడు. "మనిషి మనిషే, గాలి గాలే. సరిపోయింది. ఇందులో ఏముంది?"

"ఒంటి గాలిని ఎప్పుడైనా చూశావా? గాలి జంటపక్షి నాయనా. జంటగానే వస్తుంది, జంటగానే పోతుంది. ఒంటి గాలి అనేదే సృష్టిలో లేదు." ఆ వైపున్న ఎర్ర గింజ పక్కన ఇంకో ఎర్ర గింజను జత చేసింది. "ఇప్పుడు చెప్పు. ఆ వైపు రెండు గాలులు. ఈ వైపు ఒకటే. లేనిది ఎక్కడినుంచి వచ్చింది?"

అరిందముడు కాసేపు గడ్డం గోక్కున్నాడు. తరువాత ఆమె ఒళ్లోంచి ఇంకో ఎర్ర గింజను తీసి, ఈ వైపున్న వకుళకు ఇంకో పక్కన ఆనించాడు. "ఇక్కడా రెండు చేశాను. సరి."

కుందమాంబ వేలి కణుపుల మీద ఒక్కటిచ్చింది. యువరాజని చూడలేదు. "ఒక మనిషిలో రెండు గాలులు దూరితే అది నీ చెల్లెలు కాదు, మరేదో జంతువు. లెక్క కుదరలేదని వస్తువునే మార్చేస్తావా? వస్తువు లోపల వేలు పెట్టకూడదురా! ఎన్ని పెట్టాలన్నదొక్కటే మన చేతిలో ఉంది."

"పోనీ, ఆ జంటలో సగమే వచ్చిందనుకుందాం."

"మాటల్లో అనుకోవచ్చు. కొలిమి నీ మాట వినదు. ఒంటరి శిలను మంటలో పెడితే, జత దొరకని గాలి బయటికి రాలేక నీ చెల్లెలి ఊపిరినే జత చేసుకుపోతుంది. ఆపైన నీకు మిగిలేది శవం."

పోలయ్య కూడా తెడ్డు పక్కనబెట్టి చేరాడు. అరిందముడికి ఇప్పుడు విసుగు లేదు. వకుళ పక్కనున్న ఎక్కువ గాలిని తీసేశాడు. మెల్లగా ఇంకో తెల్ల గింజనూ ఇంకో ఎర్ర గింజనూ ఆనించి, ఆమె పక్కన రెండో శిలగా నిలబెట్టాడు. ఇప్పుడు గాలులు ఆ వైపు రెండు, ఈ వైపు రెండు. మనుషులు మాత్రం ఈ వైపు ఇద్దరు, ఆ వైపు ఒకరు. ఆ వైపు ఇంకో తెల్ల గింజ పెట్టాడు. ఇక ఏ వైపూ ఎక్కువ తక్కువలు లేవు.

"రెండు శిలలు పెడితే ఇద్దరు మనుషులు, ఒక గాలిజంట," అన్నాడు నెమ్మదిగా. అని, తాను చివర పెట్టిన తెల్ల గింజ వంక చూశాడు. ఆ గింజ ఎవరో అర్థమయ్యాక ఇక తల ఎత్తలేకపోయాడు.

"ఈ లెక్క మీ ఇద్దరికీ ఒకే రోజు చెప్పాను," అంది కుందమాంబ. "నువ్వు గోడ దూకి పొట్టేళ్ల పందేనికి పోయావు. వాడు ఈ గింజలు చెరిపి, పెట్టి, చెరిపి, పెట్టి, చివరికి రెండు గింజలు బహుమానంగా అడిగి తీసుకుపోయాడు. కట్టడానికైనా విప్పడానికైనా ఇద్దరు కావాలిరా. ధూమ్రజటి తాళం ఎలాంటిదో తెలుసా? ప్రతిసారీ ఇద్దరిని శిలలు చేస్తాడు. ఒకదాన్ని దాస్తాడు. రెండోదాన్ని పొడి కొట్టించి ఏట్లో కలుపుతాడు. ఇక మొదటిదాన్ని విప్పడం బ్రహ్మతరం కాదు. వకుళను ఎత్తుకుపోయాడని వినగానే మణిధరుడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. ఆ రెండో మనిషిని నేనవుతానన్నాడు."

"మరి ఖజానా రహస్యం?"

"మట్టిగడ్డ! ఖజానా తలుపు గ్రహణం రోజునే తెరుచుకుంటుందని, ఆ రహస్యం తనొక్కడికే తెలుసని, అప్పటిదాకా రాజభటుల కత్తికి దొరక్కుండా తనను శిలగా దాచమని బొంకాడు. పొడి చేస్తే రహస్యం పోతుంది గనుక ధూమ్రజటి వాణ్ణి పొడి చేయలేదు. వకుళ పక్కనే భద్రంగా నిలబెట్టాడు. తాళం పక్కనే తాళంచెవి పెట్టించాడు నా శిష్యుడు. వచ్చేవాడు మరిచిపోతాడేమోనని చేతిలో రెండు గింజలు కూడా పట్టుకున్నాడు." ఆమె ఆ చివరి తెల్ల గింజను వేలితో నిమిరింది. "ఊరంతా ద్రోహి అనాలనే వాడు ఆ బొంకు బొంకాడు. ఊరు అనకపోతే మాంత్రికుడు నమ్మేవాడా? గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. వాడి చేతిలో గింజలు చూశావు గానీ నీ నలుపు నువ్వు చూసుకోలేదు. ధూమ్రజటి చేయాల్సిన పని నువ్వు చేసిపెట్టి వచ్చావు నాయనా."

అరిందముడు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. వకుళ అంటే మణిధరుడికి ప్రాణమని తామ్రపురిలో తోటమాలికి కూడా తెలుసు. తెలియనిది తనొక్కడికే. అసలా రోజు గోడ దూకకపోతే? అవ్వ వచ్చేదాకా ఒక్క పూట ఆగితే? ఏ ఒక్కటి చేసినా మణిధరుడు ఈపాటికి ఈ ఇసుకలో కూర్చుని నవ్వుతుండేవాడు. సమ్మెట దెబ్బలు మాత్రం ఇంకా భుజంలో నొప్పి పెడుతున్నాయి.

పోలయ్య తన తలగుడ్డ విప్పి దులిపాడు. మడతల్లోంచి చిటికెడు ఎర్రపొడి రాలింది. "అవ్వా, ఇది ఆయనేనా?"

కుందమాంబ ఆ పొడిని తక్కెడలో తూచి, మూతికి ఖాళీ తోలుతిత్తి కట్టిన మట్టిమూసలో పోసి, కొలిమి తిత్తులు గట్టిగా ఊదించింది. ఎరుపు నల్లబడి, నలుపు మాయమై, మూస మెడలో వెండిలా మెరిసే పాదరసపు బొట్లు చేరాయి. ఆ బొట్లను తక్కెడలో వేస్తే పళ్లెం పైకి లేచింది. పోలయ్య, "తక్కువైంది, నిప్పు తినేసింది," అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి, మూతికి కట్టిన తిత్తిని కూడా అదే పళ్లెంలో పెట్టి, దానికి సరి ఖాళీ తిత్తిని రెండో పళ్లెంలో వేసింది. తక్కెడ సరిగ్గా నిలిచింది.

"నిప్పు ఏమీ తినదు, విడదీస్తుంది. వాడి వంతు పాదరసం ఇక్కడుంది, గాలి తిత్తిలో ఉంది. ఏదీ ఎక్కడికీ పోదు."

"అయితే మణిధరుడు కూడా పోలేదు!" అరిందముడు లేచాడు. "పొడినంతా ఏరి తెస్తాను. వకుళ పక్కన పెట్టి మండిద్దాం."

ఆమె వద్దనలేదు. అరిందముడూ పోలయ్యా జలపాతం కింది మడుగుకు దొంగచాటుగా పోయి, మోకాళ్ల లోతు నీళ్లలో వంగి ఇసుక కడిగారు. వేళ్లు నాని తెల్లబడ్డాయి, చర్మం ఊడింది. ఇసుకంతా కడిగితే దొరికింది గుప్పెడు కూడా కాలేదు. మిగతాదంతా ఏటితో పాటు ఎటో పోయింది. ఉండటానికి ఎక్కడో ఉంది. కానీ చేతికి రాదు. మణిధరుడు పట్టుకున్న రెండు గింజల్లో ఒకటి మాత్రం రాళ్ల సందున రాతిగింజగానే చిక్కుకుని కనబడింది. అరిందముడు దాన్ని కళ్లకు అద్దుకున్నాడు.

కొలిమి దగ్గరికి తిరిగొచ్చి, "ఇంకో దారి ఉంది అవ్వా. రెండో శిలను నేనవుతాను," అన్నాడు.

"కట్టేటప్పుడూ ఇద్దరు కావాలని చెప్పానుగా. నీతోపాటు ఇంకొకరు రాయవుతారు. అప్పుడు వకుళతో కలిపి మూడు శిలలు. విప్పగలిగేది రెంటిని. ఒకరు ఎప్పటికీ రాయిగా మిగిలిపోవాల్సిందే."

"ఆ ఒకరు ధూమ్రజటి అయితే?"

కుందమాంబ కనుబొమలు లేని నుదురు పైకి ముడిపడింది. "నీ ఎత్తు పారకపోతే? నీ పక్కన వాడు ఏ అమాయకుణ్ణో కూర్చోబెడితే?"

"అప్పుడు వకుళనూ ఆ అమాయకుణ్ణీ విప్పు. మిగిలేది నేను. ఒకణ్ణి పొడి చేసినవాడు రాయిగా ఉండటం పెద్ద శిక్షేం కాదు."

*

మర్నాడు తామ్రపురి వీధుల్లో దండోరా మోగింది. యువరాజు రాజద్రోహం చేశాడు, శత్రువుతో చేయి కలిపాడు. ఆ దండోరా వేయించింది పోలయ్యే. డప్పు కొట్టేవాడి పక్కన నిలబడి కళ్లొత్తుకుంటూ వేయించాడు. జనం మొదట నమ్మలేదు, సాయంత్రానికి నమ్మారు, తెల్లారేసరికి ముందే అనుకున్నామన్నారు. మంచం మీది మహారాజు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. శోణకుహరం ఉన్న శోణగిరి దారిలో అరిందముడు పోతుంటే, ఒకప్పుడు అతని గుర్రం కళ్లెం పట్టిన ముసలి సాహిణి ఎదురొచ్చి, ముఖం మీద ఉమ్మేశాడు. అరిందముడు తుడుచుకోలేదు. మణిధరుడి ముఖం మీద ఎందరు ఉమ్మేశారో అని ఆలోచిస్తూ కొండ ఎక్కాడు.

ధూమ్రజటి అతన్ని చూసి పళ్లు పటపటా కొరికాడు. "నా శిలను దొంగిలించి, ఖజానా రహస్యాన్ని పొడి చేసి, మళ్లీ నా గడపే తొక్కుతావా?"

"పొడి చేశాను గనుకే వచ్చాను. ఇప్పుడా రహస్యం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే," అన్నాడు అరిందముడు. "చెల్లెల్ని నా తండ్రి దగ్గర చేర్చాను, అది విప్పలేని రాయని తెలిసి నన్నే వెళ్లగొట్టాడు. దండోరా వినే ఉంటావు. గ్రహణం దాకా నన్ను శిలగా దాచు. ఆ రోజు విప్పితే తలుపు తెరుస్తాను. చెరిసగం."

మణిధరుడు బొంకిన బొంకే. నోట్లోంచి వస్తుంటే అరిందముడి నాలుక చేదెక్కింది. మాంత్రికుడి కళ్లలో మాత్రం ఆశ వెలిగింది. ఆశ ముందు మంత్రమేం పనిచేస్తుంది!

సన్నసెగ మండపం నడుమ ఒకదాని పక్కన ఒకటిగా రెండు రాగి పీటలున్నాయి. వాటి మీద ఎవరుంటే గాలిజంట వాళ్ల ఒంట్లోకే ఎక్కుతుంది. ఒకదాని మీద అరిందముడు కూర్చున్నాడు. రెండోదాని మీద భటులు ఎక్కడినుంచో ఒక గొర్రెలకాపరిని తెచ్చి కూర్చోబెట్టారు. ఏం జరుగుతుందో తెలియక అతను, "అయ్యా, నా మంద బయటుంది, తోడేళ్లు తిరిగే చోటు, తొందరగా కానియ్యండి," అని బతిమాలుతున్నాడు. మండపం మూల బొగ్గుల కూలీల్లో మసిముఖంతో పోలయ్య నిలబడి ఉన్నాడు. పని ముగిశాక శిలల్ని కొలిమిలంకకు మోసుకుపోవాల్సింది అతనే.

పీటల కింద సెగ రాజుకుంది. ధూమ్రజటి గడప బయట నిలబడి మంత్రం అందుకున్నాడు. జడ మాత్రం మండపం నిండా చుట్టలు చుట్టలుగా పడి ఉంది. తోలుతిత్తి మూతి విప్పగానే గాలిజంట ఈల వేస్తూ బయటికి దూకింది.

అరిందముడు కాలు చాచి పక్క పీట మీదివాణ్ణి ఒక్క తన్ను తన్నాడు. గొర్రెలకాపరి దొర్లుకుంటూ వెళ్లి గడప అవతల పడి, లేచి, వెనక్కి చూడకుండా మంద వైపు పరుగెత్తాడు. అదే ఊపులో ఎడమచేత్తో జడను దొరకబుచ్చుకుని, ముంజేతికి మెలివేసి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగాడు. మంత్రం మధ్యలో తెగింది. "వదులు! వదులురా!" అన్న కేక వెనకనుంచి దగ్గరయింది. ఏదో బరువైనది రాగి మీద ధన్‌మని పడింది.

పీటేనా? ఏ రాగి పళ్లెమో? అరిందముడికి తెలియలేదు. తిరిగి చూద్దామంటే మెడ తిరగలేదు. ఎరుపు పాదాల నుంచి మోకాళ్లకు, మోకాళ్ల నుంచి నడుముకు ఎక్కుతోంది. నొప్పి లేదు. ఎడమ పిడికిలిలో జడ బిగుతుగానే ఉంది. దాని అవతలి కొస పెనుగులాడుతోందో, రాయవుతోందో తెలిసే దారి లేదు.

కుడిచేయి ఇంకా కదులుతోంది. నడుము మడతలోంచి మణిధరుడి రాతిగింజనూ, దానికి జతగా అవ్వ ఇచ్చిన గింజనూ తీసి అరచేతిలో పెట్టుకుని, ఆ చెయ్యి ముందుకు చాచాడు. చాచాక గానీ అతనికి తట్టలేదు, మణిధరుడు చాచినదీ సరిగ్గా ఇలాగే.

ఎరుపు మోచేతి దాకా వచ్చింది. ఈ చెయ్యిని ముందుగా చూసేది పోలయ్యే కావాలని అరిందముడు దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు. తామ్రపురిలో ఇప్పుడు తనమీద కసితో ఉన్న ప్రతివాడి చేతిలోనూ ఒక సమ్మెట ఉంది.